కూలిన గోడ దగ్గర మొదటి పని

ధ్యానాంశం: నెహెమ్యా 2:11-18, యోహాను 21:1-19



నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీర నదికి దగ్గరగా ఉన్న బోరంచ గ్రామంలో ఒక ఇంట సాయంకాలం జపమాల ప్రార్థన ముగించి కూర్చున్నాం. ఆ ఇంటి పెద్ద కుమారుడు దూరాన ఒక కళాశాలలో ఆటల శిక్షకుడు. సెలవుకు ఇంటికి వచ్చాడు. అందరూ వెళ్లిపోయిన తరువాత నెమ్మదిగా నా దగ్గరకు వచ్చి, "ఫాదర్, మీతో ఒక మాట మాట్లాడాలె" అన్నాడు. అతని పేరు గాని, ఆ కళాశాల పేరు గాని ఇక్కడ చెప్పను. అతని కష్టం మాత్రం చెబుతాను. ఎందుకంటే అది మనలో చాలామంది కష్టమే.

అతనికి ఆ కళాశాల కబడ్డీ జట్టును అప్పగించారు. అప్పగించారంటే జట్టు ఉన్నదని కాదు. బాగా ఆడే పిల్లలు చదువు ముగించుకొని వెళ్లిపోయారు. మిగిలినవారు అంతకు ముందు సంవత్సరం పోటీలలో ఒక్క ఆటయినా గెలవలేదు. చివరి ఆటలోనైతే తమలో తాము పోట్లాడుకొని, ఆట సగంలో ఉండగానే కోర్టు విడిచి వెళ్లిపోయారట. మైదానం నిండా సర్కారు తుమ్మ మొలిచింది. ఉన్న తొమ్మిది మంది పిల్లలలో ముగ్గురు, పండుగలు దాటగానే తల్లిదండ్రులతో చెరకు కోతలకు వలసపోయే కుటుంబాలవారు. ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పోతారో తెలియదు. పైవారు మాత్రం "ఈ యేడు కప్పు తేవాలి" అని చెప్పారు.

"ఒక దారి ఉన్నది ఫాదర్" అన్నాడు అతను తలవంచుకొని. "బయట బాగా ఆడే పిల్లలు ముగ్గురు ఉన్నరు. మా కాలేజీలో చదువరు. బోనఫైడ్ సర్టిఫికెట్ పుట్టిస్తే సరిపోతది అంటున్నరు. అందరూ చేసేదే అంటున్నరు. లేకపోతే ఈ ఉద్యోగమే వదిలేసి వస్త. ఈ పోరగాండ్లతోని మాత్రం కాదు."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు తగిన జవాబు దొరకలేదు. తప్పు అని చెప్పడం సులభమే. కాని తప్పు చేయకుండా ఏం చేయాలో చెప్పడం సులభం కాదు. ఇంతలో, పొయ్యి దగ్గర నుంచి అంతా వింటున్న అతని తల్లి బయటకు వచ్చింది. వానకు ఒరిగి కూలిన తమ పశువుల కొట్టం గోడను చూపించి ఇలా అన్నది: "బిడ్డా, కూలిన గోడ మీదనే మల్ల గోడ పెట్టరు. ముందుగాల మట్టి ఎత్తిపోయాలె. పునాది ఏడ మంచిగున్నదో ఏడ లేదో చూడాలె. రాళ్లు పారేయొద్దు. అవే రాళ్లు మల్ల పనికొస్తయి."

ప్రియ విశ్వాసులారా, ఆ తల్లి బడికి పోయి చదువుకున్నది కాదు. కాని ఆమె చెప్పిన మాటలలో నెహెమ్యా గ్రంథం ఉన్నది.

నెహెమ్యా పర్షియా రాజు అర్తహషస్త వద్ద పానపాత్ర అందించే ఉద్యోగి. యెరూషలేము ప్రాకారాలు కూలి, ద్వారాలు కాలిపోయి ఉన్నాయని విన్నప్పుడు ఆయన కూర్చుండి ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. ఆ ప్రార్థనలో ఒక విశేషం గమనించండి. పట్టణం పాడైపోవడానికి కారకులు వారు, వీరు అని ఆయన ఎవరి పేరూ చెప్పలేదు. నేనును, నా తండ్రి ఇంటివారును పాపం చేశాము అని తననూ లెక్కలో చేర్చుకున్నాడు (నెహెమ్యా 1:6). తిరిగి కట్టేవాడు మొదట చేసే పని ఇది. "నా కంటె ముందున్నవాడు పాడుచేశాడు" అనే మాట నిజమే కావచ్చు. కాని ఆ మాటతో ఒక్క ఇటుక కూడా లేవదు.

తరువాత ఆయన యెరూషలేము చేరి మూడు దినములు మౌనంగా ఉన్నాడు. ఒక రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని, ఎవరికీ చెప్పకుండా, కూలిన గోడల చుట్టూ తిరిగి చూశాడు. ఒకచోట ఆయన ఎక్కిన జంతువు ముందుకు పోవడానికి కూడా దారి లేనంతగా శిథిలాలు పడి ఉన్నాయి (2:14). ఆయన అంతా చూశాడు. చూచిన తరువాతనే పెద్దలను పిలిచి, రండి కట్టుదమని చెప్పాడు. మనమైతే చూడకముందే ఉపన్యాసం చెబుతాం. ఇంటిలో కుమారుడు చెడు సావాసంలో పడితే అతనికి ఏమైనదో చూడకముందే తిట్టడం ప్రారంభిస్తాం. విచారణలో యువజన సంఘం ఆగిపోతే ఎందుకు ఆగినదో అడగకముందే కొత్త కమిటీ వేస్తాం. నెహెమ్యా రాత్రివేళ చేసిన ఆ ప్రదక్షిణ మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం.

మన తెలుగు నేల మీద ఇటువంటి పని చేసి చూపిన ఒక శిక్షకుడు ఉన్నారు. ఆయన మన మతస్థుడు కారు. అయినా ఆయన జీవితం నుంచి మనం నేర్చుకోవలసినది ఉన్నది. ఆయనే హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన ఆయనను అందరూ రహీం సాబ్ అని పిలిచేవారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకులైనారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన జట్టు స్వర్ణపతకం సాధించింది.

ఇక అంతా బాగున్నదనుకున్నప్పుడు గోడ కూలింది. 1952 జూలైలో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. చలి దేశం. మన ఆటగాళ్లలో చాలామంది అలవాటు ప్రకారం బూట్లు లేకుండానే ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. నిన్న పొగిడినవారే నేడు నవ్వారు. ఆ ఓటమి తరువాత మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

రహీం సాబ్ ఏమి చేశారు? ఆయన పని అంతా చిన్న చిన్న విషయాల దగ్గర ఉండేది. హైదరాబాదు పిల్లలకు వింతైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలి. మరొక పోటీలో బంతిని కాలి దగ్గర ఉంచుకొని ఒంటరిగా పరుగెత్తకూడదు. వెంటనే తోటివానికి అందించాలి. చూడటానికి ఇవి పిల్లల ఆటలే. కాని వీటిలో ఎంత వేదాంతమున్నదో చూడండి. బలహీనమైన కాలిని దాచిపెట్టుకునేవాడు ఎప్పటికీ కుంటుతూనే ఆడతాడు. దానిని నలుగురిలో నేలమీద పెట్టి, తడబడుతూ, నవ్వులపాలవుతూ వాడితేనే దానికి బలం వస్తుంది. మనం పాపసంకీర్తనానికి వెళ్లేది అందుకే. మన బలమైన కాలును చూపించుకోవడానికి కాదు.

నాలుగేండ్ల తరువాత, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే రహీం సాబ్ శిక్షణలో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. అంతటితో కథ సుఖాంతమైనదా? కాలేదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సుతో సమానంగా నిలిచినా, హంగేరీ, పెరూ దేశాల చేతిలో ఓడి జట్టు ఇంటికి వచ్చింది. కట్టిన గోడ మళ్లీ ఒకవైపు ఒరిగింది. ఆయన మళ్లీ పనికి పూనుకున్నారు.

ఈసారి ఆయన శరీరమే కూలుతున్నది. ఊపిరితిత్తుల క్యాన్సరు. ఆ జబ్బుతోనే 1962లో జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకొని వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండు మీద, జపాను మీద గెలిచారు. రక్షణ పంక్తిలో స్తంభంవంటి జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. వెనుక నిలబడి ఎగిరివచ్చే బంతులను తలతో ఎదుర్కొనడం అతని పని. ఆ గాయంతో అది ఎట్లా చేస్తాడు? మరొక శిక్షకుడైతే ఆయనను పక్కన కూర్చోబెట్టేవాడు. రహీం సాబ్ ఆయనను వెనుక నుంచి తీసి ముందు పంక్తిలో నిలబెట్టారు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా ఎదురైంది. హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ జ్వరం నుంచి అప్పుడే లేచి వచ్చి ఆడారు. మన క్రీడాధికారి ఒకరు ఆ క్రీడల నిర్వాహకుల తీరును విమర్శించడంతో కోపించిన ప్రేక్షకులు మన జట్టును గేలి చేస్తూ అరిచారు. ఆ హోరు మధ్యలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మనవారిని ఉత్సాహపరచారని ఆనాటి ఆటగాళ్లు తరువాత చెప్పుకున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోల్ చేశారు. రెండవ గోల్ చేసినది ఎవరు? తలకు కుట్లతో ముందుకు వచ్చిన జర్నైల్ సింగే. భారత్ 2-1తో గెలిచింది.

రహీం సాబ్ ఆ తరువాత ఏడాది కూడా జీవించలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఆ తరువాత ఇంతవరకు స్వర్ణం రాలేదు. చాలాకాలం ఆయన పేరే మరుగునపడి, 2024లో ఒక హిందీ చలనచిత్రం వచ్చినప్పుడు గాని మన పిల్లలలో చాలామందికి తెలియలేదు.

ప్రియ సహోదరులారా, ఈ కథను గెలుపు కోసం చెప్పడంలేదు. జర్నైల్ సింగ్ కోసం చెబుతున్నాను. గాయపడినవానిని పారవేయక, అతనికి మరొకచోటు వెదకిన ఆ శిక్షకుని చూపు కోసం చెబుతున్నాను. బోరంచ తల్లి అన్నది కూడా ఇదే: రాళ్లు పారేయొద్దు, అవే రాళ్లు మళ్లీ పనికొస్తాయి.

మన ప్రభువు చేసినదీ అదే. గెత్సెమనీ రాత్రి ఆయన జట్టు చెల్లాచెదరైనది. ఒకడు అమ్మివేశాడు. నాయకుడనుకున్నవాడు మూడుసార్లు ఎరుగనన్నాడు. మిగిలినవారు పారిపోయారు. మన లెక్క ప్రకారం పునరుత్థానుడైన ప్రభువు ఏమి చేయాలి? చదువుకున్నవారిని, ధైర్యవంతులను, యెరూషలేములో పేరున్నవారిని పన్నెండుగురిని కొత్తగా ఎంచుకోవాలి. ఆయన అట్లా చేయలేదు. తిబెరియా సరస్సు ఒడ్డుకు వెళ్లారు. రాత్రంతా శ్రమించి ఒక్క చేపనూ పట్టలేకపోయిన ఆ పాత జాలరులకే నిప్పుల మీద చేపలు కాల్చి, రొట్టె సిద్ధంచేసి పెట్టారు. తిన్న తరువాత పేతురును మూడుసార్లు అడిగారు. ఎందుకు ఎరుగనన్నావు అని అడగలేదు. నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగారు. మూడుసార్లు కూలిన చోటనే మూడుసార్లు రాయి పెట్టి, తన మందను అప్పగించారు. యూదా స్థానంలో మత్తీయను చేర్చినప్పుడు కూడా శిష్యులు బయటి నుంచి ఎవరినీ తీసుకొని రాలేదు. మొదటి నుంచి తమతో కలసి తిరిగినవారిలో నుంచే ఎన్నుకున్నారు (అపోస్తలుల కార్యములు 1:21-22).

ఇంతకూ ఆ యువ శిక్షకుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఏమిటి? కొత్త ఆటగాళ్లను తెచ్చుకోవడం పాపమా? కాదు. కళాశాలలో నిజంగా చేరిన విద్యార్థి ఎప్పుడు వచ్చినా ఆహ్వానించవలసినదే. దొంగ కాగితంతో తేవడమే పాపం. పునీత పౌలు తన శిష్యుడైన తిమోతికి వ్రాస్తూ, నియమాల ప్రకారం పోటీపడని ఆటగానికి కిరీటం దొరకదని చెప్పాడు (2 తిమోతి 2:5). ఆ దొంగ కాగితం వల్ల నష్టపోయేది ఎదుటి జట్టు మాత్రమే కాదు. పొద్దున్నే లేచి వచ్చే ఆ తొమ్మిది మంది పిల్లలకు అది, "మీరు లెక్కలోకి రారు" అని చెబుతుంది. అబద్ధమాడితేనే బ్రతుకు అని నేర్పుతుంది. కప్పు అల్మారాలో తుప్పుపడుతుంది. ఆ పాఠం మాత్రం వారి మనసులో జీవితాంతం ఉంటుంది. ఓటమి కంటె ఇటువంటి గెలుపే పెద్ద శిథిలం.

ఆ రాత్రి నేను ఆ యువకునికి ఇంత చెప్పలేదు. అతని తల్లి మాటనే మరొకసారి గుర్తుచేసి, "ముందు ఒక నెలరోజులు ఎవరినీ తిట్టకుండా, ఎవరినీ తీసివేయకుండా చూడు బాబూ. ఒక్కొక్క పిల్లవాని ఇంటికి పోయి రా" అన్నాను. ముగ్గురం కలసి పరలోక ప్రార్థన చెప్పుకున్నాం.

మరుసటి సంవత్సరం మళ్లీ కలిశాడు. దొంగ సర్టిఫికెట్ల మాట తలపెట్టలేదట. పిల్లలే గొడ్డళ్లు పట్టి తుమ్మ నరికి, ఎర్రమట్టి పోసుకొని కోర్టు చేసుకున్నారట. కూతకు పోయి ప్రతిసారి దొరికిపోయే ఒక బరువైన పిల్లవానిని కూతకు పంపడం మానిపించి, పట్టు పట్టే చోట మూలన నిలబెట్టాడట. చెరకు కోతలకు పోయే ముగ్గురి ఇండ్లకు వెళ్లి, ఒకరి తల్లిదండ్రులను ఒప్పించి పిల్లవానిని హాస్టలులో ఉంచాడట. మిగతా ఇద్దరూ కోతలకు పోక తప్పలేదు.

"పోటీలు ఏమైనాయి బాబూ?" అని అడిగాను.

"మొదటి ఆటలోనే ఓడిపోయినం ఫాదర్" అన్నాడు. పైవారు అతనిని మందలించారట కూడా. కొంచెం ఆగి మళ్లీ అన్నాడు: "కాని ఆఖరి నిమిషం దాకా ఎవ్వడు కోర్టు విడిచిపెట్టి పోలే. ఓడినంక మావాళ్లే ఎదుటోళ్ల దగ్గరికి పోయి చేయి కలిపిండ్రు."

ఆ గోడకు అది మొదటి వరుస. పేపరులో రాదు. కాని పునాది మీద నిలబడిన వరుస. మేము నాటుతాము, మరొకడు నీరు పోస్తాడు, పెంచేవాడు దేవుడే అని పౌలు చెప్పినది (1 కొరింతీ 3:6) ఇటువంటి ఓటమిలోనే అర్థమవుతుంది. రహీం సాబ్ స్వర్ణపతకాన్ని చూసి పోయారు. ఈ యువకుడు చూస్తాడో లేదో దేవునికి తెలుసు. ఇద్దరూ చేసిన పని మాత్రం ఒకటే.

ఇప్పుడు మన ఇండ్లకు వద్దాం. నెహెమ్యా గ్రంథం మూడవ అధ్యాయం చదవండి. పేర్ల జాబితాలాగా కనిపిస్తుంది గనుక చాలామంది దానిని దాటివేస్తారు. కాని అందులో ఒక గొప్ప రహస్యమున్నది. చాలామంది తమ తమ ఇంటి ఎదుట ఉన్న గోడనే కట్టారు. షల్లూము అనే అధికారి తన కుమార్తెలతో కలసి కట్టాడు. తెకోవా ఊరి పెద్దలు మాత్రం మెడ వంచి పనిచేయలేదని కూడా అక్కడ వ్రాయబడి ఉన్నది. మధ్యలో మోసేవారి బలం తగ్గింది, చెత్త చాలా ఉన్నదని నిరాశపడ్డారు. బయటివారు ఎగతాళి చేశారు. అయినా యాబది రెండు దినములలో ప్రాకారం పూర్తయింది (6:15). ఒక మహావీరుడు కట్టిన గోడ కాదది. ఎవరి ఇంటి ఎదుట వారు వంగి కట్టిన గోడ.

కావున ఈ వారం ప్రతి కుటుంబం మూడు పనులు చేయాలని మనవి చేస్తున్నాను.

మొదటిది, మీ ఇంటిలో ఏ గోడ కూలినదో నెహెమ్యాలాగా మౌనంగా చూడండి. అన్నదమ్ముల మధ్య ఆగిన మాటా? తండ్రి తాగుడా? పరీక్ష తప్పి మూల కూర్చున్న బిడ్డా? తిట్టకముందు చూడండి. చూచిన తరువాత దేవుని సన్నిధిలో, ఇందులో నా పాలు ఎంత అని అడగండి.

రెండవది, ఎవరినీ పారవేయకండి. "వీడు దేనికీ పనికిరాడు" అనే మాట క్రైస్తవుని ఇంటిలో వినిపించకూడదు. నిన్నటి చోట పనికిరానివాడు మరొకచోట మూలరాయి కావచ్చు. గాయపడిన జర్నైల్ సింగ్‌కు చోటు వెదకిన శిక్షకుని గుర్తుచేసుకోండి. పేతురుకు రొట్టె పెట్టిన ప్రభువును గుర్తుచేసుకోండి.

మూడవది, అబద్ధంతో కట్టకండి. దొంగ వయసు పత్రం, దొంగ ఆదాయ పత్రం, పరీక్షలో చీటీ, ఇవన్నీ గోడను త్వరగా లేపుతాయి. మొదటి వానకే పడతాయి. ముఖ్యంగా తల్లిదండ్రులారా, బిడ్డ కోసమే చేస్తున్నామనుకుంటూ బిడ్డ చూస్తుండగా చేసే అబద్ధం ఆ బిడ్డనే కూలుస్తుంది.

బోరంచలో ఆ పశువుల కొట్టం గోడ ఇప్పుడు లేచి నిలబడి ఉన్నది. అడుగున ఉన్నవి పాత రాళ్లే. తల్లీ కొడుకులిద్దరూ సెలవులలో కలసి కట్టుకున్నారట.

ప్రార్థించుదము: పరలోక తండ్రీ, కూలినవాటిని లేవనెత్తు దేవా! ఓడిపోయిన జట్టును చేతబట్టుకొని నిలబడిన శిక్షకులను, ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను దీవించుము. చూచు కన్నులను, ఎవరినీ త్రోసివేయని హృదయమును, సత్యము విడువని ధైర్యమును వారికి దయచేయుము. మా ఇంటి ఎదుట పడియున్న గోడను మా చేతులతో కట్టుకొను కృపను మాకు అనుగ్రహింపుము. మా నాథుడైన యేసుక్రీస్తు ద్వారా వేడుకొనుచున్నాము. ఆమెన్.